పసుపు అంటని శుభలేఖ

అక్క పెళ్లి పనుల్లో నాకు పడ్డ డ్యూటీ ఒక్కటే. కార్డులు. "ఎప్పుడూ ఫోన్లో డిజైన్లు చూస్తూనే ఉంటావుగా, ఆ పనేదో నువ్వే చూడు" అన్నారు నాన్న. వారం రోజులు రీల్స్ అన్నీ తిరగేసి, మెరూన్ రంగు మీద బంగారు డిజైన్ ఉన్నది ఒకటి ఫైనల్ చేశా. ప్రెస్ బాబాయ్‌కి (నాన్న ఫ్రెండ్, విజయవాడలో ఒక సందులో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది) ఒక్కటే మాట చెప్పా: "బాబాయ్, ఫుల్ గ్లాసీ. ఫోన్ స్క్రీన్‌లా మెరిసిపోవాలి."

శాంపిల్ కార్డు వచ్చింది. నిజంగానే అద్దంలా ఉంది. కార్డులో నా మొహం నాకే కనిపిస్తోంది. అందరూ బావుంది అన్నారు. అప్పుడు నానమ్మ చిన్న గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది. శుభలేఖ ఇంటికొచ్చాక నాలుగు మూలలా పసుపు పెట్టాలి కదా, ముందు దేవుడి దగ్గర పెట్టాలి కదా. వేలితో తీసి ఒక మూల అద్దింది.

పసుపు నిలవలేదు. చుక్కలు చుక్కలుగా విడిపోయి, తామరాకు మీద నీళ్లలా జారిపోయింది. నానమ్మ చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. ఈలోగా నాన్న జెల్ పెన్నుతో కార్డు మీద ఎవరి పేరో రాసి చూశారు. బొటనవేలు తగలగానే పేరంతా అలుక్కుపోయింది.

"కార్డు బావుందిరా. కానీ ఇది కాగితమేనా?" అంది నానమ్మ.

500 కార్డులు. మర్నాడు పొద్దున్నే ప్రింటింగ్‌కి ఓకే చెప్పాలి. పసుపు అంటని కార్డు నానమ్మ పంచదు. పంచకపోతే ఈ ఇంట్లో పెళ్లి పనులు ముందుకు కదలవు. రాత్రికి రాత్రి బండేసుకుని ప్రెస్‌కి పోయా.

అసలు మెరుపంటే ఏంటి?

బాబాయ్ నా కంగారు చూసి నవ్వి, టీ చెప్పి, ఒక ప్రశ్న వేశాడు. "వర్షం పడ్డాక రాత్రి బండి మీద వెళ్తుంటే ఎదురు లైట్లు రోడ్డు మీద ఎందుకు అంతగా కొడతాయి? ఎండిన రోడ్డు మీద ఎందుకు కొట్టవు?"

ఎండిన రోడ్డు గరుకుగా ఉంటుంది. లైటు దాని మీద పడి అన్ని వైపులకీ చెదిరిపోతుంది. వాన పడితే నీళ్లు ఆ గుంతలన్నీ నింపేసి పైన చదునుగా నిలుస్తాయి. అప్పుడు లైటు చెదరకుండా, అద్దం మీద పడ్డట్టు ఒకే వైపుకి తిరిగొస్తుంది. మన కంటికి మెరుపులా కనిపించేది అదే.

కాగితం సంగతీ అంతే. కంటికి నున్నగా కనిపించినా, దగ్గరగా చూస్తే కాగితం అంటే చెక్క నుంచి వచ్చిన సన్నటి పీచుల వల. ఎండుగడ్డి పరిచినట్టుంటుంది. మధ్యలో అన్నీ ఖాళీలే. ఆ గరుకుని ఎలాగోలా చదును చేస్తే మెరుపు వస్తుంది. చదును చేయడానికి మూడు దారులున్నాయి అన్నాడు బాబాయ్. కాగితాన్నే రుద్దడం, దాని మీద పూత పూయడం, దాని మీద పొర అతికించడం.

"నువ్వు గ్లాసీ అన్నావు. ఏ గ్లాసీయో చెప్పలేదు. నేను మూడోది వేశా" అన్నాడు.

మొదటి దారి: రుద్దడం

ఇది అన్నిటికన్నా పాతది. దౌలతాబాద్ దగ్గర కాగజీపురా అని ఒక ఊరుంది. ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది గానీ, ఒకప్పుడు హైదరాబాద్ నిజాం రాజ్యంలోదే. చేత్తో కాగితం చేసేవాళ్లని కాగజీలు అంటారు. ఆ ఊరి పేరు అలా వచ్చిందే. మన దేశంలో పాతకాలపు కాగజీలు కాగితానికి గంజి పట్టించి, ఆరబెట్టి, తర్వాత నున్నటి రాయితోనో గవ్వతోనో ఓపిగ్గా రుద్దేవాళ్లు. రుద్దగా రుద్దగా పీచులు అణిగి కాగితం నిగనిగలాడేది. ఇదంతా అందం కోసమే కాదు. రెల్లు కలంతో రాసేటప్పుడు మొన పీచుకి తగులుకోకూడదు, సిరా పాకకూడదు.

ఇప్పుడు అదే పనిని మిల్లులో మిషన్ చేస్తుంది. దాన్ని క్యాలెండరింగ్ అంటారు. గోడకి వేలాడే క్యాలెండర్‌కీ దీనికీ సంబంధం లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన బరువైన రోలర్ల మధ్య నుంచి కాగితం దూసుకుపోతుంది. ఇంకా ఎక్కువ నునుపు కావాలంటే సూపర్ క్యాలెండర్ ఉంటుంది. అందులో ఒక రోలర్ గట్టి ఉక్కుది, దాని పక్కది కాస్త మెత్తటిది, మళ్లీ ఉక్కుది. ఆ ఒత్తిడికి, వేడికి, రాపిడికి కాగితం పాలిష్ అవుతుంది. మన ఇస్త్రీ లాంటిదే అనుకోండి.

ఇంట్లో దీనికి ఉదాహరణ కావాలా? అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ తీయండి. పేజీకీ పేజీకీ మధ్య సాలెగూడు డిజైన్‌తో గరగరలాడే పల్చటి కాగితం ఉంటుంది చూశారా? అది సాధారణంగా గ్లాసైన్. దానికి ఏ పూతా లేకుండానే ఆ నునుపు వస్తుంది. గుజ్జుని బాగా నలగ్గొట్టి, గట్టిగా క్యాలెండర్ చేస్తే చాలు. ఖాళీలు మూసుకుపోయి అవతలి ఫొటో మసకగా కనిపించేంత పలుచన అవుతుంది.

అయితే ఇస్త్రీకి ఒక రేటు ఉంది. ఎంత నొక్కితే కాగితం అంత పల్చబడుతుంది, దాని బిగువు తగ్గుతుంది. అందుకే రెండో దారి వచ్చింది.

రెండో దారి: పూత

కొత్త ఇంటి గోడకి పెయింట్ వేసేముందు ఏం చేస్తారు? లప్పం పెడతారు. గుంతలన్నీ పూడ్చి, పట్టీతో గీకి చదును చేస్తారు. ఆర్ట్ పేపర్ తయారయ్యేది అచ్చం ఇలాగే. తెల్లటి చైనా మట్టి, సుద్ద లాంటి క్యాల్షియం కార్బొనేట్, వీటిని పట్టి ఉంచడానికి గంజి లేదా లేటెక్స్ జిగురు. ఇవన్నీ నీళ్లలో కలిపి కాగితం మీద పూస్తారు. ఎక్కువైనది సన్నటి ఉక్కు బ్లేడు గీకేస్తుంది. ఆరాక క్యాలెండర్ చేస్తారు.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం చైనా మట్టి రేణువుల ఆకారం. అవి గుండ్రంగా ఉండవు, చిన్న చిన్న పలకల్లా ఉంటాయి. నొక్కినప్పుడు అన్నీ ఒకే వైపు పడుకుంటాయి, నేల మీద టైల్స్ పరిచినట్టు. అందుకే మెరుపు. మ్యాట్ పేపర్ అంటే పూత లేనిది అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. తప్పు. దానికీ పూత ఉంటుంది. కాస్త ముతక రేణువులు వాడి, తక్కువ నొక్కుతారు. అంతే తేడా.

పూతతో ఇంకో లాభం రంగులు. నోట్‌బుక్కుల్లో ఉండే మామూలు కాగితాన్ని ప్రెస్‌లో మ్యాప్‌లితో అంటారు. దాని మీద ఇంకు లోపలికి ఇంకిపోయి రంగు కాస్త చప్పబడుతుంది. ఆర్ట్ పేపర్ మీద ఇంకు పైపైనే నిలుస్తుంది. అందుకే పత్రికల కవర్ పేజీలో హీరోయిన్ చీర రంగు అలా మెరుస్తుంది, లోపలి పేజీల్లో మెరవదు.

మీరు రోజూ పట్టుకునే సబ్బు పెట్టె, మందుల డబ్బా అన్నిటిదీ ఇదే కథ. భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ వాళ్ల పెద్ద మిల్లు ఉంది. ప్యాకింగ్ పెట్టెలకి వాడే ఇలాంటి పూత అట్ట అక్కడ తయారవుతుంది.

ప్రింట్ అయ్యాక పైన వేసే పూతలు వేరే. వార్నిష్ ఒకటి, నీళ్లతో కలిపే యాక్వియస్ కోటింగ్ ఒకటి, అన్నిటికన్నా ఎక్కువ మెరిసేది యూవీ కోటింగ్. ఇది నాకు అర్థం కాక అక్కకి ఫోన్ చేశా. "పార్లర్‌లో జెల్ నెయిల్ పాలిష్ వేసి, చెయ్యి చిన్న లైటు పెట్టెలో పెట్టమంటారు చూడు, అదేరా" అంది. కరెక్టే. రెండిట్లోనూ ద్రవం ఆరిపోవడం ఉండదు. అతినీలలోహిత కాంతి తగలగానే అది గట్టి పొరగా మారిపోతుంది. ప్రెస్‌లో అయితే క్షణంలో అయిపోతుంది. కార్డు మొత్తం కాకుండా వినాయకుడి బొమ్మ మీదో, పేర్ల మీదో మాత్రమే వేస్తే దాన్ని స్పాట్ యూవీ అంటారు. వేలితో తడిమితే ఆ చోటు తెలుస్తుంది.

మూడో దారి: ప్లాస్టిక్ పొర

నా శాంపిల్ కార్డు మీద ఉన్నది ఇదే. లామినేషన్. తల వెంట్రుక కన్నా పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్‌ని జిగురుతోనో, వేడి రోలర్‌తోనో కాగితానికి అతికించేస్తారు. ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్ ఫిల్మ్. మనం చూసేది, తాకేది అప్పటినుంచి కాగితాన్ని కాదు, ప్లాస్టిక్‌ని. నానమ్మ అడిగిన ప్రశ్న కరెక్టే అన్నమాట.

లామినేషన్ చెడ్డదని కాదు. హోటల్ మెనూ కార్డుకి అది లేకపోతే సాంబారు మరకలతో రెండో వారానికే పోతుంది. లైబ్రరీ పుస్తకం అట్ట, పిల్లల బొమ్మల పుస్తకం, ఎండలో వానలో తిరిగే మ్యాప్... వీటికి అది కావాలి. మందపాటి అట్టని మడిస్తే మడత దగ్గర పూత పగిలి తెల్లగీత పడుతుంది. లామినేషన్ ఉంటే ఆ పగులు తక్కువ.

కానీ దానికీ జబ్బులున్నాయి. బాబాయ్ నా శాంపిల్‌ని లైటు కింద వంచి చూపించాడు. మెరూన్ రంగు మీద అక్కడక్కడా వెండి పొడి చల్లినట్టుంది. "దీన్ని సిల్వరింగ్ అంటాం. నీ తొందర వల్ల ఇంకు పూర్తిగా ఆరకముందే ఫిల్మ్ వేశా. ఫిల్మ్ కింద సన్నటి గాలి బుడగలు ఉండిపోయాయి" అన్నాడు. ఇంకు పక్క కాగితానికి అంటకుండా ప్రెస్‌లో చల్లే పొడి ఎక్కువైనా ఇలాగే అవుతుందట. ముదురు రంగుల మీద ఇది ఇంకా బాగా కనిపిస్తుంది.

ఇంకోటి, వంకర తిరగడం. ఒక వైపే లామినేషన్ చేసిన కార్డు వానాకాలంలో గాలిలో తేమ పీల్చుకుంటుంది. కాగితం సాగుతుంది, ప్లాస్టిక్ సాగదు. దాంతో కార్డు అప్పడంలా వంకర పోతుంది. మా పెళ్లి శ్రావణంలో!

నా టెన్త్ మెమో సంగతి

లామినేషన్ మాట వినగానే నాకు గుర్తొచ్చింది నా టెన్త్ మెమో. రిజల్ట్స్ వచ్చిన సంతోషంలో అమ్మ దాన్ని వీధి చివర జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి, పదిలంగా ఉంటుందని లామినేషన్ చేయించింది. మీలో చాలామంది ఇళ్లలో ఇదే జరిగి ఉంటుంది.

ఇంటర్ అయ్యాక ఒక కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ వెరిఫికేషన్. టేబుల్ దగ్గరున్న ఆయన మెమోని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూసి, "ఎవరు చేయించమన్నారమ్మా దీన్ని?" అని అమ్మని అడిగారు. ఒరిజినలా కాదా అని చూడాలంటే కాగితాన్ని తాకాలి, వెనక నుంచి వెలుగు పెట్టి చూడాలి, ముద్ర చూడాలి. ప్లాస్టిక్ కింద అవేవీ తెలియవు. లామినేషన్ పీకి తెమ్మన్నారు. పీకడం కుదరదు. వేడికి కరిగిన జిగురు పీచుల్లోకి దిగిపోయి ఉంటుంది, లాగితే పైపొర అంతా దానితోనే వస్తుంది. లేజర్ ప్రింట్ అయితే అక్షరాలే ఊడొస్తాయి. చివరికి ఏదో రాసిచ్చి బయటపడ్డాం గానీ, ఆ రోజు అమ్మ మొహం నేను మర్చిపోలేను. తను చేసింది నా మంచికే కదా.

కాబట్టి ఫ్రెండ్స్, ఒరిజినల్ సర్టిఫికెట్లకి లామినేషన్ వద్దు. బయటికి తీయగలిగే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోండి, అది కూడా పాలీప్రొపిలీన్ అయితే మేలు. మెత్తగా, వాసన వచ్చే పీవీసీ కవర్లకి కొన్నాళ్లకి అక్షరాలు అంటుకుంటాయి. ఇక బస్ టికెట్, ఏటీఎం స్లిప్, బిల్లు లాంటివాటిని జ్ఞాపకంగా దాచుకోవాలని లామినేషన్ మిషన్‌లో పెట్టారా, మొత్తం నల్లబడిపోతాయి. అవి థర్మల్ పేపర్, వేడి తగిలితే నల్లగా మారేలా చేసిన కాగితం. వాటిని ఫొటో తీసి ఉంచుకోండి.

పెళ్లయ్యాక కార్డు ఎక్కడికి పోతుంది?

ఇదీ ఆ రాత్రే తెలిసింది. పాత కాగితాన్ని మిల్లులో నీళ్లలో నానబెట్టి మళ్లీ గుజ్జు చేస్తారు. ఆర్ట్ పేపర్ మీది మట్టి పూత నీళ్లలో విడిపోతుంది, పెద్ద ఇబ్బంది లేదు. ప్లాస్టిక్ పొర మాత్రం కాగితాన్ని నాననివ్వదు. ముక్కలై జల్లెడలకి అడ్డం పడుతుంది. అందుకే లామినేషన్ కార్డులు మామూలు కాగితాలతో పాటు వెళ్లకుండా చాలావరకు చెత్తకుప్పకే చేరతాయి.

2022 జులై 1 నుంచి దేశమంతా కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించారు. ఆ జాబితాలో స్వీట్ బాక్సుల చుట్టూ, ఇన్విటేషన్ కార్డుల చుట్టూ చుట్టే ఫిల్మ్ కూడా ఉంది. అది కార్డు చుట్టూ ఉండే కవర్ సంగతి. విప్పి పారేసే ఆ కవరే వద్దన్నప్పుడు, విప్పడానికే వీల్లేకుండా అతికించే పొర ఎందుకు అని నాకు అనిపించింది.

చివరికి ఏం చేశామంటే

నేను ముందు, "అయితే ఏ పూతా లేని గరుకు అట్ట మీద స్పాట్ యూవీ వేద్దాం బాబాయ్" అన్నా. తల అడ్డంగా ఊపాడు. పూత లేని అట్ట మీద వేస్తే ఆ ద్రవం లోపలికి ఇంకిపోతుంది, మెరుపు రాదు. కింద చదును లేకపోతే పైన మెరుపు నిలవదు.

ఆఖరికి తేలింది ఇది. మ్యాట్ పూత ఉన్న అట్ట. వినాయకుడి మీద, అక్కాబావల పేర్ల మీద మాత్రం స్పాట్ యూవీ. నాలుగు మూలలూ ఖాళీ, అక్కడ ఏమీ వేయకూడదు. లామినేషన్ లేదు. మడత దగ్గర పూత పగలకుండా ముందే గాడి కొట్టాలి. పేర్లు రాసే కవరు మాత్రం మామూలు పూత లేని కాగితం, పెన్ను హాయిగా సాగేలా.

ఇంటికి తెచ్చిన ముక్క మీద నానమ్మ మళ్లీ పసుపు అద్దింది. ఈసారి జారలేదు. కాసేపటికి ఆరి, మూలకి అంటుకుపోయింది. వేలితో రుద్ది చూసింది, పోలేదు. ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది.

ఓకే అన్నట్టా కాదా అని చూస్తున్నా. పాత ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. అమ్మానాన్నల పెళ్లి కార్డు పట్టుకుని వచ్చింది. మామూలు అట్ట, ఒకే రంగు ప్రింటింగ్, మెరుపు అనేదే లేదు. మూలల్లో మాత్రం పసుపు మరక ఇంకా ఉంది, కాస్త గోధుమరంగుకి తిరిగి. వెలుగు తగలని పెట్టెలో ఉంది కాబట్టి నిలిచింది.

"ఇది నేను పెట్టిందే" అంది నానమ్మ. తర్వాత నా చేతిలోని కొత్త ముక్కని దాని పక్కన పెట్టి చూసింది. "500 చాలవేమో. ఇంకో 50 ఎక్కువ వేయించు."

వెంటనే బాబాయ్‌కి ఫోన్ చేశా.